గిన్నె లేని వంట

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

ఈవేళ చెప్పబోయేది వంట సంగతే గాని, ముందు గిన్నెల సంగతి మాట్లాడుకుందాం. రాత్రి భోజనాలయ్యాక సింకులో ఎన్ని సామాన్లు పడ్డాయో ఎప్పుడైనా లెక్కపెట్టేరా? అన్నం గిన్నె, పప్పు గిన్నె, కూర మూకుడు, చారు గిన్నె, పోపు గరిటె, పాల గిన్నె, వాటి మూతలు, ఆ పైన కంచాలూ గ్లాసులూ. నలుగురున్న ఇంట్లో పూటకి పది పదిహేనుకి తక్కువ ఉండవు. వంట ఎంతసేపో తోముడూ అంతసేపే. పనిమనిషి వస్తే ఆవిడ నడుం, రాకపోతే మన నడుం. వంటల పుస్తకాల్లో మాత్రం ఈ తోముడు గురించి ఒక్క ముక్క ఉండదు. "వేడివేడిగా వడ్డించండి" అనేదే ఆఖరి వాక్యం. ఆ తరవాత ఏమవుతుందో ఆ రాసినవారికి పట్టదు కాబోలు.

ఇప్పుడు పెద్ద షాపుల్లో బటర్ పేపరు చుట్టలు చుట్టలుగా దొరుకుతోంది. దాంట్లో నాలుగు కూరముక్కలో, చేపముక్కో పెట్టి, ఉప్పూ కారం చల్లి, అంచులు మడిచి ఓవెన్లో పెడితే పావుగంటలో కూర తయారు. తిన్నాక కాగితం పారేస్తే సరి, తోమేందుకు గిన్నె లేదు. దీనికి ఫ్రెంచి వాళ్ళ పేరొకటి ఉంది, "పాపిలోత్" అని. పేరు చూసి ఇదేదో సీమ నుంచి దిగిన కొత్త వంట అనుకుంటాం. కాదండీ. గిన్నె కొనలేనివాళ్ళూ, కొన్నా మోసుకుపోలేనివాళ్ళూ కనిపెట్టుకున్న వంట ఇది. మన విజయనగరం, శ్రీకాకుళం కొండల్లో ఎంత పాతదో చెప్పలేనంత పాతది. గిన్నె తోమడం తప్పితే బాగుండుననుకున్నవాళ్ళకి ఇది నచ్చింది ఆ తరవాతెప్పుడో. గిన్నె లేక చేసే వంటకీ, గిన్నె వద్దని చేసే వంటకీ మధ్య జరిగిన కథ చెబుతాను.

అసలు పొట్లం లేకుండానే పొట్లం వంట చేస్తాం మనం. వంకాయ పచ్చిపులుసుకి వంకాయ కాలుస్తాం కదా, అక్కడ పొట్లం ఏమిటి? దాని తొక్కే. పైన తొక్క నల్లగా మాడుతుంది, లోపల గుజ్జు తన నీటిలో తనే ఉడుకుతుంది. చిలగడదుంప నిప్పుల్లో కప్పెట్టినా అంతే, మొక్కజొన్న పొత్తు డొప్పతో కాల్చినా అంతే. ఇందులో కిటుకల్లా నీరు. లోపల తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి నీరు మరిగే వేడిని, అంటే 100 డిగ్రీల సెంటీగ్రేడుని, దాటదు. బయట నిప్పు ఎంత మండుతున్నా లోపలి పదార్థం మాడకుండా ఆవిరిలో మగ్గుతుంది. తొక్క లేని చేపకీ, పుట్టకొక్కులకీ, పిండికీ మనిషి ఒక తొక్క తొడిగేడు. అదే ఆకు. పచ్చి ఆకులో నీరుంటుంది, అరటాకు మీదయితే సన్నటి మైనపు పూత కూడా ఉంటుంది. అంచేత అది వెంటనే అంటుకోదు. పై పొర నల్లబడేసరికి లోపలిది ఉడికిపోతుంది.

దీన్ని మన వైద్యులు కూడా ఎరుగుదురు. ఆయుర్వేదంలో పుటపాకం అని ఒక పద్ధతి ఉంది. శార్ఙ్గధర సంహితలో దాని విధానం స్పష్టంగా చెప్పేరు. మూలికని నూరి ముద్దచేసి, మర్రి, నేరేడు వంటి చెట్ల ఆకుల్లో చుట్టి, పైన రెండంగుళ్ళ మందాన మట్టి మెత్తి, నిప్పుల్లో పెట్టాలి. ఆ మట్టి నిప్పురంగు తిరిగేక తీసి, లోపలి ముద్దని పిండి రసం తియ్యాలి. గడియారం లేని రోజుల్లో మట్టి రంగే గడియారమన్నమాట. బంగారాన్ని పుటం పెట్టడం అని మనం అనే మాటలో పుటం ఇదే. వైద్యుడు ఆ రసం తీసుకున్నాడు, వంట చేసే మనిషి లోపలి ముద్దని తీసుకుంది. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారని నన్నడిగితే, నా మటుకు నాకు వంట చేసిన మనిషే ముందు అనిపిస్తుంది. ఆకలి వేసినప్పుడు ఎవరూ గ్రంథం కోసం ఆగరు కదా.

సరే, గిన్నెల దగ్గరికి వద్దాం. మాది గరివిడి. విజయనగరం నుంచి పలాస వైపు రైల్లో వెళ్ళే వారికి నెల్లిమర్ల దాటేక, చీపురుపల్లికి ముందు తగులుతుంది. ఈ ఊరికీ గిన్నెలకీ ఉన్న సంబంధం ఊళ్ళోవాళ్ళలో కూడా చాలామంది తలుచుకోరు. ఈ చుట్టుపక్కల కోడూరు, గర్భాం ప్రాంతాల్లో నేలలో మాంగనీసు ఉంది. 1892లో కోడూరు దగ్గర తవ్వకం మొదలైంది. మన దేశంలో మాంగనీసు తవ్వకాలకి అదే ఆరంభం. ఫెర్మోర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇక్కడి రాళ్ళని పరీక్షించి, ఒక జాతి రాతికి కోడూరు పేరు మీదే "కోడురైట్" అని పేరు పెట్టేడు. మాంగనీసు మీద ఆయన పెద్ద గ్రంథం 1909లో వచ్చింది. ఇక్కడి ఖనిజం విశాఖ రేవు మీదుగా సీమకి వెళ్ళి అక్కడి ఉక్కు కొలుముల్లో పడేది. రాయి ఏరడం, తట్టల్లో మొయ్యడం వంటి పనుల్లో ఆడవాళ్ళు కూడా ఉండేవారు.

తరవాత 1955లో ఏర్పడిన ఫెర్రో ఎల్లాయస్ కార్పొరేషన్ గరివిడి పక్కన ఫ్యాక్టరీ పెట్టింది. శ్రీరామ్‌నగర్ అని ఆ కాలనీ పేరు. ఫెర్రో మాంగనీసు, ఫెర్రో క్రోము అక్కడ తయారయ్యేవి. ఈ రెండూ దేనికి అంటారా? ఉక్కులో కలపడానికి. ఉక్కులో క్రోమియం తగినంత కలిస్తే తుప్పు పట్టదు, అదే స్టెయిన్‌లెస్ స్టీలు. మన దేశంలో వంటసామానుకి వాడే స్టీలులో చాలా భాగం క్రోముతోపాటు మాంగనీసు కూడా కలిసిన రకం. పాత చీరలకీ, పాత ప్యాంట్లకీ బదులు స్టీలు గిన్నెలిచ్చే ఆడమనిషి గుమ్మంలో కూర్చుని గిన్నె మీద వేలితో టంగుమనిపించేది, గుర్తుందా? ఆ గిన్నెలోనే ఇంత మాంగనీసు, ఇంత క్రోము ఉంటాయన్నమాట.

స్టీలు రాకముందు సంగతి చెప్పాలి. కలవారికి ఇత్తడి, కంచు. మన శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు పనికి ఈనాటికీ పేరు. కాని ఇత్తడి గిన్నెకి కళాయి పూత ఉండాలి. పూత పోతే చింతపండు పులుసు చిలుమెక్కుతుంది, తింటే కడుపులో తిప్పుతుంది. కళాయివాడు వీధిలోకి రాగానే ఇంటింటా గిన్నెలన్నీ బయటికొచ్చేవి. లేనివారికి మట్టి కుండ. కుండలో వంట రుచే గాని, చేయి జారితే పోయింది, ఎత్తి నెత్తిన పెట్టుకుని కొండెక్కలేం. సత్తు గిన్నెలొచ్చాక కొంత తెరిపి. 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్‌టన్ అనే ఆయన అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టించేడు. తేలిక, చవక. అయితే సొట్టలు పడుతుంది, పులుపు పడదు. చూడండి, ఏ లోహానికైనా ఏదో ఒక పేచీ ఉంది. ఆకుకి పులుపుతోనూ పేచీ లేదు, కళాయితోనూ పని లేదు.

ఇప్పుడు కొండల దగ్గరికి. విజయనగరం నుంచి రాయ్‌పూర్ లైను 1931లో పూర్తయింది. ఆ దారిలో బొబ్బిలి, పార్వతీపురం దాటేక కొండలు దగ్గరపడతాయి. 2022 ఏప్రిల్లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా అది. సవరలు, జాతాపులు ఉండే ప్రాంతం. కొండవాలు మీద పోడు చేసుకునేవారు పొద్దున్న వెళితే సాయంత్రం దాకా అక్కడే. మోసుకెళ్ళేది కొడవలి, పార, ఎండిన ఆనపబుర్రలో చోడంబలి. ఆనపకాయ బుర్ర కూడా కొన్న గిన్నె కాదు, పాదుకి కాసిన గిన్నె. వాగులో నాలుగు చేపలు దొరికినా, వానాకాలం పుట్టకొక్కులు దొరికినా వండుకోవడానికి అక్కడ కుండ లేదు. ఆకుంది. ఆకులో చుట్టి, తీగతోనో నారతోనో కట్టి, నిప్పుల మీద వెయ్యడమే.

అదే కొండల అవతల రాయగడ, కోరాపుట్ వైపు ఒరియా వాళ్ళు దీన్ని "పత్రపోడా" అంటారు. పోడా అంటే కాల్చినది. గుమ్మడాకు, సాలాకు, అరటాకు ఏది దొరికితే అది. గుమ్మడాకయితే పొట్లంతో సహా తినెయ్యొచ్చు, పారెయ్యడానికి ఆకు కూడా మిగలదు! అరకు, మారేడుమిల్లి వైపు వెళ్ళినవారు బొంగు చికెన్ తినే ఉంటారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క అక్కర్లేదు. బొంగులోని తడే ఉడికిస్తుంది. ఇప్పుడు యాత్రికుల కోసం రోడ్డు పక్కన వరసగా అమ్ముతున్నారు గాని, పుట్టింది మాత్రం గిన్నె దగ్గర లేని చోటే.

ఆ కొండల్లో మరో ఆకు ఉంది, అడ్డాకు. పెద్ద పెద్ద చెట్లకి ఎగబాకే తీగ. ఆకు రెండు రెక్కలుగా, ఒంటె గిట్టలా ఉంటుంది. మందం, వెడల్పు, ఎండినా చిరగదు. మన పెళ్ళిళ్ళలో తిన్న విస్తళ్ళు చాలామటుకు ఆ ఆకువే. అడవిలోకి వెళ్ళి కోసి, మోపు కట్టి తెచ్చి, ఎండబెట్టి, సన్నటి వెదురు పుల్లలతో కుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు. సంతలో షావుకార్లు తమ తూకంతో తమకి తోచిన ధరకి కొనుక్కునేవారు. అడవి సరుకులకి సరైన ధర ఇప్పించాలని 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టేరు. విశాఖపట్నంలో దాని ప్రధాన కార్యాలయం. చింతపండు, తేనె, కుంకుడుకాయలతోపాటు అడ్డాకు కూడా అది కొనే సరుకే. నేనెందుకు ఇంత చెబుతున్నానంటే, మనం విస్తరాకు పారేసి "గిన్నె తోమే బాధ తప్పింది" అనుకుంటాం. తప్పింది మన చేతికి. ఆ పని వేరే చోట, వేరే ఆడమనిషి చేతిలో, ముందే జరిగిపోయింది.

కొండ దిగి తీరానికి వస్తే వంట మారుతుంది. కాల్చడం తగ్గి, ఆవిరి పట్టడం మొదలవుతుంది. కోనసీమలో అంబాజీపేట పొట్టిక్కలు వినే ఉంటారు. నాలుగు పనసాకుల్ని ఈనెపుల్లలతో గుచ్చి చిన్న బుట్ట చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇడ్లీ రేకు ఇంటింటా రాకముందు గుంట కావలసినచోట ఆకే గుంట అయింది. మన వైపు వాసెనపోలు చేసేవారికి గుర్తుంటుంది, కుండ మూతికి గుడ్డ వాసెన కట్టి దాని మీద పిండి వేసేవారు. అక్కడ పొట్లం పని గుడ్డ చేసింది. ఆకు పొట్లంలో గుడ్డకి లేని గుణం ఒకటుంది, వాసన. పనసాకుది ఒక వాసన, అరటాకుది ఒకటి, పసుపాకుది మరీ ప్రత్యేకం.

ఈ పసుపాకు సంగతి నాకు మా వీధిలో ఉండే ఒరియా ఆవిడ వల్ల తెలిసింది. వాళ్ళకి ప్రథమాష్టమి అని ఒక పండగ. ఇంట్లో పెద్ద బిడ్డకి కొత్తబట్టలు కట్టి హారతిస్తారు. వాళ్ళ లెక్కకి మార్గశిరం, మన పంచాంగంలో కార్తీక బహుళ అష్టమి. ఆ రోజు ఎండురి అనే పిండివంట తప్పదు. మినప్పప్పు, బియ్యం రుబ్బిన పిండిని పసుపాకు మీద పరిచి, మధ్యలో కొబ్బరి, బెల్లం లౌజు పెట్టి, ఆకుని నిలువునా మడిచి ఆవిరి పడతారు. ఆకు విప్పేసరికి ఇల్లంతా వాసన. ఆకు ఈనెల గీతలు పిండి మీద అచ్చుగుద్దినట్టు పడతాయి. మనవాళ్ళు పసుపు పండించి కొమ్ములు మాత్రం తీసుకుని ఆకుల్ని చేలోనే వదిలేస్తారు, అది నాకు కొంచెం కష్టంగానే తోస్తుంది.

మిగతా ప్రపంచం సంగతి రెండు ముక్కల్లో. బెంగాలీలు ఆవపిండి పట్టించిన చేపని అరటాకులో చుట్టి పాతూరి అంటారు. పార్శీల పెళ్ళిళ్ళలో పచ్చటి చట్నీ పూసిన చేప అరటాకులో వస్తుంది. చైనావాళ్ళు వెదురాకుల్లో జిగురు బియ్యం చుడతారు. మెక్సికోలో మొక్కజొన్న డొప్పల్లో పిండి చుట్టి ఆవిరి పట్టే తమాలెలని 16వ శతాబ్దంలోనే సహగూన్ అనే స్పెయిన్ మతాచార్యుడు రకరకాలుగా వర్ణించి రాసి పెట్టేడు. ఎవరి ఊళ్ళో ఏ ఆకు పెరిగితే దానితో వాళ్ళు గిన్నె చేసుకున్నారు. ఆకులు ఏడాది పొడుగునా దొరకని చలిదేశాలవాళ్ళు ఏం చెయ్యాలి? వాళ్ళు కాగితం అందుకున్నారు.

మామూలు కాగితం తడిస్తే చీకిపోతుంది, నూనె పీలుస్తుంది. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులోనూ ఇంగ్లండులోనూ ఒక సంగతి తేలింది. జిగురు పట్టించని కాగితాన్ని గంధకామ్లంలో క్షణకాలం ముంచి, వెంటనే బాగా కడిగేస్తే దాని పీచంతా ఒకదానికొకటి అతుక్కుని, కాగితం తోలులా గట్టిపడుతుంది. నీళ్ళలో నానినా చిరగదు, నూనె దిగదు. పూర్వం గొర్రెతోలుతో చేసిన పార్చ్‌మెంటులా ఉందని దానికి ఆ పేరే పెట్టేరు. వెన్న చుట్టడానికి వాడేరు కాబట్టి మనకి బటర్ పేపరయింది. అంటుకోకుండా సిలికోను పూత వెయ్యడం 20వ శతాబ్దపు ముచ్చట.

ఫ్రెంచి వంటవాళ్ళ చేతిలో ఇది విలాసమైంది. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరపు ఆంత్వాన్ హోటల్లో కాగితపు పొట్లంలో చేప వండి పెట్టేవారు. బెలూన్లలో ఎగిరిన బ్రెజిల్ ఆయన సాంతోస్ దుమోం గౌరవార్థం ఆ పొట్లం బెలూనులా ఉబ్బేటట్టు చేసేరని చెబుతారు. ఉబ్బిన పొట్లాన్ని బల్ల దగ్గరికి తెచ్చి, అతిథి ఎదుట చీరితే ఆవిరి గుప్పున లేస్తుంది. కొండమీద తిండికి లేక చేసినదే, అక్కడ వెండిపళ్ళెంలో తమాషా అయింది.

మనకి కావలసిన మనిషి మరొకరున్నారు, నికొలస్ సోయర్. 1911లో లండన్లో "పేపర్ బ్యాగ్ కుకరీ" అని పుస్తకం వేసేడు. ఈయన తాతగారిగా చెప్పుకునే అలెక్సిస్ సోయర్ 1847లో ఐర్లండు కరువులో డబ్లిన్‌లో గంజికేంద్రం నడిపిన ప్రసిద్ధుడు. నికొలస్ మామూలు కాగితం పనికిరాదని, వంట కోసమే ప్రత్యేకం సంచులు చేయించేడు. సంచి లోపల వెన్న రాసి, పదార్థం వేసి, మూతి మడిచి, ఓవెన్లో రేకు మీద కాకుండా చువ్వల తట్టు మీద పెట్టమన్నాడు, గాలి చుట్టూ తిరగాలని. ఆయన వాదనలో మొదటిది రుచి, రెండోది గ్యాసు ఆదా. మూడోదే అసలు కీలకం, గిన్నెలు తోమక్కర్లేదు! ఆ ఏడాది ఇంగ్లండులో ఇదొక వెర్రి అయి కూర్చుంది. ఎందుకంటే అప్పటికి అక్కడి మధ్యతరగతి ఇళ్ళకి పనిపిల్లలు దొరకడం కష్టమవుతోంది, ఆ పిల్లలు ఫ్యాక్టరీలకీ దుకాణాలకీ పోతున్నారు. ఇంటావిడ తన చేతులతో మూకుడు తోముకునేసరికి కాగితం విలువ తెలిసింది. వెర్రి ఎక్కువకాలం నిలవలేదు గాని, సంగతి మాత్రం నిలిచింది.

ఇంత జరిగినా అది మన ఇళ్ళలోకి ఎందుకు రాలేదు? కాగితం లేకనా? కానే కాదు. రాజమండ్రిలో పేపరు మిల్లుంది, నిజాం రాజ్యంలో 1938 నుంచి సిర్పూరు మిల్లుంది, మనకి ఆనుకునే రాయగడ దగ్గర 1962లో మిల్లు పెట్టేరు. ఆ కొండల వెదురే, బొంగు చికెన్ వండిన వెదురే, లారీల మీద వెళ్ళి కాగితమైంది. మనకి లేనిది ఓవెను. మనకి ఉన్నవి కట్టెలపొయ్యి, కుంపటి, వాటి నిప్పులు, నివురు. నివురుగప్పిన నిప్పుల్లో ఆకుపొట్లం చక్కగా మగ్గుతుంది, కాగితం మాత్రం భగ్గుమంటుంది.

తరవాత గ్యాసొచ్చింది. విశాఖలో నూనె శుద్ధి కర్మాగారం 1957లో మొదలైంది. పట్నాల్లో గ్యాసుపొయ్యిలు మెల్లిగా పెరిగేయి. పల్లెటూళ్ళ ఆడవాళ్ళకి 1999లో దీపం పథకం కింద కనెక్షన్లు ఇచ్చేరు. పొగ బాధ తప్పింది, కళ్ళు బతికేయి. గ్యాసుని నేనేమీ అనను, అన్నవాళ్ళు ఒక్క వర్షాకాలం తడికట్టెలు ఊది చూడాలి. కాని పొయ్యితోపాటు నిప్పులు పోయేయి. నిప్పులు పోతే నిప్పుల్లో పెట్టే పొట్లం ఎక్కడ పెడతాం? ఆకులో కాల్చే వంట పట్నం ఇళ్ళలోంచి తప్పుకోడానికి కారణం రుచి మారడం కాదు, మంట మారడం. ప్రెషర్ కుక్కరూ స్టీలు గిన్నెలూ ఆ జాగాలోకి వచ్చేయి, సింకు నిండింది.

ఇంకోటి కూడా జరిగింది. కిరాణా కొట్లో పొట్లం, మాంసం దుకాణంలో టేకాకు, మిఠాయి కొట్లో విస్తరాకు ముక్క, వీటి స్థానంలోకి ప్లాస్టిక్ సంచులు, పాత న్యూస్‌పేపర్లూ దిగేయి. వేడివేడి మిరపకాయ బజ్జీల్ని న్యూస్‌పేపర్లో పెట్టి నూనె అద్ది తినడం అందరికీ అలవాటే. ఆ సిరా నూనెలో కరిగి తిండిలో కలుస్తుంది. ఆహారాన్ని న్యూస్‌పేపర్లో చుట్టకూడదని 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో కేంద్రం స్పష్టంగా రాసింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి నిషేధం. అడ్డాకు విస్తరి అడిగేవారు మళ్ళీ కనిపిస్తున్నారు. ఆ అడిగినప్పుడు మిషను మీద ఒత్తినదానికీ చేత్తో కుట్టినదానికీ తేడా చూసి, పది రూపాయలు బేరమాడేముందు ఆ మోపు మోసిన దూరం ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

ఇక ఇంట్లో ఎలా చేసుకోవాలో చెప్పేస్తాను. ఓవెను లేకపోయినా ఇడ్లీపాత్ర చాలు. అరటాకు అయితే మధ్య ఈనె తీసేసి, మంట పైన రెండుమూడుసార్లు సెగ చూపించండి. ఆకు రంగు నిగనిగలాడుతూ మెత్తబడుతుంది, మడిచినా చిట్లదు. వాడ్చకుండా మడిచితే చీలిపోయి రసమంతా కారిపోతుంది. కాగితం అయితే పల్చటి మామూలు బటర్ పేపరు కాదు, బేకింగుకని ప్రత్యేకంగా అమ్మేదే తీసుకోండి. మైనం పూసిన కాగితం పొయ్యి దగ్గరికే తేవద్దు. అల్యూమినియం రేకులో చింతపండు, నిమ్మరసం ఉన్నవి చుట్టొద్దు.

లేత ఆనపకాయని రూపాయి బిళ్ళంత మందాన కాదు, దానిలో సగం మందాన తరగండి. గుప్పెడు నానిన పెసరపప్పు, కొబ్బరికోరు కలపండి. ఆవాలు పచ్చిమిర్చీ ఉప్పూ వేసి నూరండి. అలా కలిపి నూరితేనే ఆవపిండి చేదెక్కదు. చిటికెడు పసుపు, చెంచా నూనె. అన్నీ కలిపి ఆకు మధ్యలో పెట్టి, ముందు రెండు పక్కలా, ఆపైన రెండు చివరలా మడిచి, అరటినారతో కట్టి, మడత కిందికి వచ్చేటట్టు ఇడ్లీపాత్రలో పెట్టండి. ఇరవై నిమిషాలు. చేప తినేవారు అరచేతి వెడల్పు ముక్కకి ఇదే ఆవముద్ద పట్టించి పావుగంట ఉంచితే చాలు. ఓవెనున్న వారు కాగితం పొట్లాన్ని 200 డిగ్రీల్లో పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచండి, పొట్లం పైచువ్వలకి తగలకుండా చూసుకోండి. విప్పేటప్పుడు మొహం దూరంగా పెట్టండి, ఆవిరి ఒక్కసారే కొడుతుంది. పిల్లలకి ఎవరి పొట్లం వాళ్ళకి ఇస్తే, కారం తక్కువ తినేవాడికి వేరే గిన్నెలో వేరే కూర వండక్కర్లేదు. పొట్లం మీద పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకుంటే సరి.

పసుపాకు కోసం వెతుక్కోనక్కర్లేదు. మొలకెత్తిన పచ్చి పసుపు దుంప ఒకటి తెచ్చి జ్యేష్ఠమాసంలో పెద్ద కుండీలో నాటండి. డాబా మీద సగం నీడ తగిలేచోట ఉంచి, కుండీలో నీరు నిలవకుండా చూసుకోండి. కార్తీక బహుళ అష్టమి నాటికి ఎండురి చుట్టడానికి చాలినంత పొడుగాకులు వస్తాయి.